ఆర్డరు కాపీ

మార్కాపురం రోడ్డు స్టేషన్లో గిద్దలూరు వైపు పోయే బండి గంటంబావు ఆలస్యమన్నారు. బల్ల మీద నా పక్కన ఇద్దరు. ఆయన పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులుగా చేసి మూడేళ్ళ కిందట రిటైరయ్యాడు. ఆ సంగతి ఆయన చెప్పకముందే బూట్లు చెప్పాయి. ఆమె ఆయన అక్క కూతురు, గుంటూరులో లా చదువుతోంది. గిద్దలూరులో ఎవరిదో సీమంతానికి పోతున్నారు. ఆ పిల్ల ఫోనులో నేపాల్ రాజధాని కాఠ్‌మాండు మంటలు చూస్తోంది. పాత వీడియోనే, 2025 సెప్టెంబరుది. ఆయన ఓరకంట చూసి కదిలించాడు. నేను పేపరు మడిచి చంకలో పెట్టుకుని విన్నాను. మధ్యలో ఒకసారి నోరు కూడా పెట్టాను, పెట్టకుండా ఉండాల్సిందేమో.

మామ: ఇంకా అదే చూస్తన్నావా? ఫేస్‌బుక్ ఆపారని ఊరు తగలబెట్టుకున్న సంబడం. మన పిల్లకాయలు దాన్ని చూసి చప్పట్లు.

కోడలు: ఒక్క ఫేస్‌బుక్కే అయితే ఎవరూ కదిలేవాళ్ళు కాదు మామా. సెప్టెంబరు 4న 26 యాప్‌లు ఆపారు. వాట్సాప్, యూట్యూబ్, ఇన్‌స్టా అన్నీ. ఆ దేశంలో ఏ ఊరు తీసుకున్నా చాలామంది మగపిల్లలు గల్ఫ్‌లోనో మలేషియాలోనో పనిలో ఉంటారు. మన కనిగిరి వైపు వాళ్ళు హైదరాబాదు, బెంగుళూరు పోయినట్టు. అక్కడ తల్లి కొడుకు మొహం చూసేది వాట్సాప్‌లోనే. 8వ తారీకున పిల్లలు యూనిఫారాలతోనే రోడ్డెక్కారు. ఆ ఒక్క రోజే 19 మంది పోయారు. యాప్‌లు ఆపినందుకు కాదు, తూటాలకి.

మామ: మర్నాడు సంగతి కూడా చెప్పు. సచివాలయం ఉండే సింహదర్బారు, పార్లమెంటు, సుప్రీంకోర్టు తగలబెట్టారు. జైళ్ళలోంచి వేల మంది ఖైదీలు పారిపోయారు. లెక్క తేలేసరికి డెబ్భై మందికి పైగా పోయారు. ముక్తినాథ్ యాత్రకి పోయిన మనోళ్ళు హోటళ్ళలో బిక్కుబిక్కుమంటా ఉంటే, మంత్రి లోకేష్ కూర్చుని వీడియో కాల్లో మాట్లాడి ధైర్యం చెప్పి విమానం పంపించాల్సి వచ్చింది. అది ఉద్యమమా?

కోడలు: వీడియో కాల్లో అన్నావు చూడు. నాలుగు రోజుల ముందైతే ఆ కాల్ కలిసేది కాదు.

ఆయన నవ్వాడు. బదులు చెప్పలేక నవ్విన నవ్వు కాదది, మంచి ముక్క పడ్డప్పుడు పేకాటలో ఎదుటివాడు నవ్వే నవ్వు.

మామ: సరే గానీ, ఆ ప్రభుత్వం ఊరికే ఆపలా. వారం గడువిచ్చింది. రిజిస్టరు చేసుకోండి, ఫిర్యాదు వస్తే మాట్లాడటానికి ఇక్కడ ఒక మనిషిని పెట్టండి, అంతే. వాళ్ళ సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. టిక్‌టాక్ చేసుకుంది, నడిచింది. మిగిలినోళ్ళు ఖాతరు చేయలా. ఇక్కడ టీ కొట్టు పెట్టాలంటే కూడా లైసెన్సు కావాలి. వేల కోట్ల కంపెనీకి అక్కర్లేదా?

కోడలు: కావాలి. నేనూ కాదనను. కంపెనీ రిజిస్టరు చేసుకోకపోతే కంపెనీకి జరిమానా వెయ్యి. టీ కొట్టుకి లైసెన్సు లేదని టీ తాగేవాళ్ళ నోరు కుట్టేస్తావా? అయినా వాళ్ళ మంట అదొక్కటే కాదు. మంత్రుల పిల్లల కార్లు, వాచీలు, విదేశీ షికార్ల ఫొటోలు అప్పటికే టిక్‌టాక్‌లో తిరుగుతున్నాయి. ‘మా నాన్న దుబాయిలో ఇటుకలు మోస్తుంటే వీళ్ళకి ఇదంతా ఎక్కడిది’ అని అడిగారు అక్కడి పిల్లలు. ఆ ప్రశ్న వేడి మీద ఉండగా యాప్‌లు ఆపారు. ప్రశ్న అడిగినందుకే ఆపారనుకున్నారు.

మామ: అనుకున్నారు! అనుకోటానికేం, మన ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మరు పేలినా ఎమ్మెల్యేనే పేల్చాడనుకుంటారు.

కోడలు: నాకు వాళ్ళలో అసూయ పుట్టించింది వేరే మామా. ఏది ఆపారో, ఎప్పుడు ఆపారో, ఎవరు ఆపారో వాళ్ళకి తెలిసింది. 26 పేర్లు పేపర్లో పడ్డాయి. ఏ గేటు ముందు నిలబడాలో తెలిసింది. ఆ రాత్రికే నిషేధం ఎత్తేశారు, మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశాడు. మన దగ్గర అట్లా కాదు. ఐటీ చట్టం 69ఏ కింద ఒక అకౌంటు ఆపితే ఆ ఉత్తర్వు రహస్యం. 2009 రూల్సులోనే ఉంది రహస్యంగా ఉంచాలని. పోస్టు పెట్టినవాడు పొద్దున లేచి చూస్తే ‘ఈ దేశంలో కనపడదు’ అని ఒక ముక్క ఉంటుంది. ఎవరు చెప్పారు? ఏ తప్పుకి? కాగితం ఉండదు. ఇప్పుడు సహ్‌యోగ్ అని ఒక పోర్టల్ పెట్టారు, 2024 అక్టోబరు నుంచి. అధికారి దాంట్లో కంపెనీకి కబురు పెడతాడు. ఎక్స్ కంపెనీ దాని మీద కర్ణాటక హైకోర్టుకి పోతే 2025 సెప్టెంబరు 24న కొట్టేశారు. నేపాల్ తగలబడిన నెలలోనే. ఇక్కడ ఒక్క కాలేజీ కూడా బంద్ అవలేదు. కనపడని గోడకి ఎవడు రాయి విసురుతాడు?

మామ: టిక్‌టాక్ సంగతో? అది పేర్లు రాసి బాహాటంగానే ఆపారు గదా. 2020 జూన్ 29, 59 యాప్‌లు. మన ఊళ్ళో పలకల ఫ్యాక్టరీలో చేసే పిల్ల ఒకతి దాంట్లో డాన్సులేసి లక్ష మందిని పోగేసుకుంది. ఒక్క రాత్రిలో ఊడ్చుకుపోయింది. ఆ పిల్ల రోడ్డెక్కిందా? ఎవరన్నా ఎక్కారా? నీ లెక్క తప్పింది.

ఈసారి ఆలోచించడం ఆమె వంతు అయింది. ప్లాట్‌ఫారం మీద మేక ఒకటి ఎవరిదో విస్తరి లాక్కుపోయింది.

కోడలు: ఆ నెల 15న గల్వాన్‌లో చైనా వాళ్ళతో జరిగిన ఘర్షణలో మన సైనికులు 20 మంది చనిపోయారు. సూర్యాపేట సంతోష్ బాబు వాళ్ళలో ఒకరు. ఆయన శవపేటిక దిగిన రెండు వారాలకి చైనా యాప్ కోసం జెండా పట్టుకునేది ఎవరు? పట్టుకోకపోవడం న్యాయమే. కానీ ఒకటి చూడు. ఆపేటప్పుడు ఏ మాట చెప్పి ఆపారన్నదాన్ని బట్టి జనం లేస్తారు, లేవరు.

మామ: అట్టా దారికి రా. దేశం, ప్రాణాలు అన్నప్పుడు ఆపాల్సిందే. నువ్వు అమలాపురం చూడలేదు. నేను చూశా. 2022 మే 24 తర్వాత మమ్మల్ని బందోబస్తుకి పంపారు. కోనసీమ జిల్లాకి అంబేడ్కర్ పేరు పెడతారా అని కుర్రోళ్ళు మంత్రి ఇల్లు తగలబెట్టారు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు, బస్సులు తగలబెట్టారు. ఇరవై ఏళ్ళ పిల్లకాయలే అందరూ, నువ్వు చెప్పే యువతే. వాళ్ళని ఏకం చేసింది ఏంది? వాట్సాప్. ఎన్నింటికి, ఏ సెంటర్లో, ఎవరు రావాలి, అన్నీ గ్రూపుల్లోనే. అప్పుడు నెట్టు ఆపకపోతే ఇంకో ఊరు తగలబడేది. ఆపింది మంచి పనా కాదా?

కోడలు: ఒకరోజు, రెండు రోజులైతే నేనూ ఒప్పుకునేదాన్నేమో. దాదాపు రెండు వారాలు ఆపారు మామా. అప్పుడింకా సాఫ్ట్‌వేర్ వాళ్ళందరూ ఇళ్ళ దగ్గర్నుంచే పని చేస్తన్నారు. లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి పోయి, అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం ఇసకలో కూర్చున్నారు. ఇళ్ళు తగలబెట్టినవాళ్ళు కొన్ని వందల మంది. ఇసకలో కూర్చున్నవాళ్ళు? డబ్బు పంపే దారి లేనివాళ్ళు? పరీక్షకి అప్లై చేయలేనివాళ్ళు? దానికి రెండేళ్ళ ముందే, 2020 జనవరి 10న సుప్రీంకోర్టు అనూరాధా భసీన్ కేసులో చెప్పింది, నెట్టు ఆపితే ఆ ఉత్తర్వు జనానికి కనపడేలా ప్రచురించాలని. ఎవరికి అన్యాయం జరిగినా కోర్టుకి పోవడానికి కాగితం ఉండాలి గదా. నువ్వు బందోబస్తులో ఉన్నావు. ఆ ఉత్తర్వు చూశావా?

మామ: మేం చూసేది డ్యూటీ చార్టు. ఉత్తర్వు యాడుంటదో మాకెందుకు? ఇంకోటి చెప్తా విను. 2018 మేలో, పిల్లల్ని ఎత్తకపోయే ముఠాలొచ్చాయని, పార్థీ గ్యాంగని, వాట్సాప్‌లో ఒకటే మోత. రెండు రాష్ట్రాల్లోనూ అడుక్కునేవాళ్ళని, మతి లేనోళ్ళని, దారి తప్పి వచ్చినోళ్ళని కొట్టి చంపారు. మా స్టేషన్ పరిధిలో చింతచెట్టుకి కట్టేసిన మనిషిని నేను విప్పా. వాడికి తెలుగు రాదు. ఎందుకు కొడతన్నారో కూడా తెలియదు వాడికి. రాత్రి పదింటికి ఒక మెసేజి, పదకొండింటికి చెట్టు. నువ్వు కోర్టుకి పోయి కాగితం తెచ్చేసరికి వాడు శవం.

ఆ మాట తర్వాత ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. ఆ చెట్టుకి కట్టిన మనిషి దగ్గరికొస్తే ఏ వాదమైనా కొంచెం తడబడుతుంది. ఆమె కూడా తొందరపడి జవాబు వెతకలేదు. అందుకే ఆ పిల్ల మీద నాకు గౌరవం కలిగింది.

కోడలు: ఆ మెసేజిని ఆపు మామా. పంపినవాడిని పట్టుకో. అబద్ధమని మైకులో చాటించు. ఎవరొద్దన్నారు? ప్రాణం మీదికొచ్చే పుకారుకీ, నాయకుడి మీద వేసే ఎకసెక్కానికీ ఒకే తాడు వాడుతున్నారే, అక్కడ నా గొడవ. 2017లో బొమ్మల పేజీ నడిపే ఆయన్ని ఎత్తుకొచ్చారు, తెలుగుదేశం అధికారంలో ఉంది. 2020లో విశాఖ గ్యాస్ ప్రమాదం మీద ప్రశ్నలు షేర్ చేసినందుకు గుంటూరులో ఒక పెద్దావిడ మీద సీఐడీ కేసు, అప్పుడు వైకాపా. 2024 నవంబరులో మన మద్దిపాడు స్టేషన్‌లో రాంగోపాల్ వర్మ మీద కేసు, మళ్ళీ తెలుగుదేశం. ప్రతిసారీ అధికారంలో ఉన్నవాళ్ళ పిల్లకాయలు ‘వాడికి అట్లాగే కావాలి’ అంటారు, ఓడిపోయినవాళ్ళ పిల్లకాయలు ‘భావప్రకటనా స్వేచ్ఛ’ అంటారు. ఎన్నికలవగానే డైలాగులు మార్చుకుంటారు. మన దగ్గర యువత ఉద్యమం ఎందుకు లేదంటే ఇందుకే లేదు.

మామ: ఇప్పుడు మంచి మాట అన్నావు.

కోడలు: ఏ పార్టీ జెండా లేకుండా లేచింది ఒక్క హైదరాబాదు యూనివర్సిటీలో. 2025 మార్చి ఆఖర్లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి బుల్డోజర్లు దిగితే పిల్లలు హాస్టల్ గదుల్లోంచి, మేడల మీంచి తీసిన వీడియోలే దేశమంతా పోయాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులాపింది. ఆ తర్వాత తెలంగాణ ప్రభుత్వం ఏం చేసింది? ఫొటోలు ఏఐతో చేసినవని కేసులు. ఒక బొమ్మ రీపోస్టు చేసిందని ఐఏఎస్ ఆఫీసరు స్మితా సబర్వాల్‌కి కూడా నోటీసు.

మామ: ఏడ్చే నెమళ్ళు, పారిపోయే జింకలు, సగం దొంగ బొమ్మలే గదా?

కోడలు: కొన్ని దొంగవే. బుల్డోజర్లు మాత్రం దొంగవి కాదు.

మామ: ఇక్కడ నీకు అర్థం కానిది ఒకటుంది అమ్మాయ్. నేను స్టేషన్ రైటరుగా పదకొండేళ్ళు చేశా. కేసు రాసే చెయ్యి ఇది. ఎఫ్ఐఆర్ పడితే వాడి బతుకు ఏమవుతుందో మీ ప్రొఫెసరుకన్నా నాకు ఎక్కువ తెలుసు. పాస్‌పోర్టు ఆగుద్ది, ఉద్యోగం వెరిఫికేషన్ ఆగుద్ది, పిల్లనిచ్చేవాళ్ళు ఆగుతారు. అందుకని మేం ఏం చేసేవాళ్ళం? ఫోను చేసి, ‘ఒరేయ్, ఒకసారి స్టేషన్‌కొచ్చి పో’ అనేవాళ్ళం. కూర్చోబెట్టి, టీ ఇప్పించి, ‘ఆ పోస్టు తీసెయ్ నాయనా, పెద్దోళ్ళతో మనకెందుకు’ అని పంపేవాళ్ళం. కేసు లేదు, కాగితం లేదు, వాడి పేరు యాడా ఎక్కలా. అది దయ. మీరు దానికి సెన్సారు అని పేరు పెడతారు.

(ఈ జిల్లాలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాడిగా చెప్తున్నా, ఆయన అబద్ధం చెప్పడం లేదు. నా శిష్యుల్లో ఇద్దరు అట్లా టీ తాగి వచ్చినవాళ్ళున్నారు. ఇద్దరూ ఇప్పుడు మంచి ఉద్యోగాల్లో ఉన్నారు. ఇద్దరూ మళ్ళీ ఎన్నడూ ఏమీ రాయలేదు.)

కోడలు: దయే. కాదనను. కానీ మామా, కేసు పెడితే కొట్టేయమని హైకోర్టుకి పోవచ్చు. టీ ఇప్పిస్తే ఎక్కడికి పోవాలి? ‘ఫలానా తేదీన నాకు టీ ఇచ్చారు, నాకు భయమేసింది’ అని ఏ కోర్టులో పిటిషన్ వెయ్యాలి? 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ కేసులో చెప్పింది, మాటల మీద వచ్చే ఫిర్యాదుల్లో, మూడు నుంచి ఏడేళ్ళ లోపు శిక్ష పడేవాటికి, ముందు ప్రాథమిక విచారణ చెయ్యమని. డీఎస్పీ అనుమతి, 14 రోజుల గడువు. జులైలో మన హైకోర్టు మేజిస్ట్రేట్లకి సర్క్యులర్ పంపింది, సోషల్ మీడియా కేసుల్లో తెచ్చినవాణ్ణి తెచ్చినట్టు రిమాండుకి పంపొద్దని. కోర్టులు కాగితాన్నే సరిచేయగలవు. కాగితం లేనిదాన్ని ఎవరు సరిచేస్తారు?

మామ: తీర్పు ఢిల్లీ నుంచి మన స్టేషన్‌కి నడిచొచ్చేసరికి ఎన్నాళ్ళు పడుతుందో తెలుసా నీకు? ఆ ఐటీ చట్టంలోనే 66ఏ అని ఒక సెక్షనుండేది.

కోడలు: నాకు చెప్తున్నావా! శ్రేయా సింఘాల్ కేసు. బాల్ ఠాక్రే పోయినప్పుడు బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో పెట్టిన ఒక పిల్లనీ, లైక్ కొట్టిన ఇంకో పిల్లనీ 2012లో అరెస్టు చేశారు. అది చూసి శ్రేయా అనే ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి సుప్రీంకోర్టుకి పోయింది. 2015 మార్చి 24న సెక్షన్ మొత్తం కొట్టేశారు. ఒక్క రాయి వెయ్యకుండా, ఒక్క బస్సు తగలబెట్టకుండా.

మామ: కొట్టేశారు గదా? ఆ తర్వాత కూడా నేను రెండు కేసుల్లో ఆ సెక్షన్ రాశా.

కోడలు: మామా!

మామ: మాకెవరు చెప్పారు? మా దగ్గరున్న పుస్తకంలో ఉంది, రాశా. చచ్చిన సెక్షన్ కింద ఒక పిల్లోణ్ణి మూడు రోజులు తిప్పాం. తర్వాత ఒక లాయరు నవ్వి చెబితే తెలిసింది. 2022లో సుప్రీంకోర్టు మళ్ళీ గట్టిగా చెప్పాల్సొచ్చింది, ఆ కేసులన్నీ ఎత్తెయ్యండని. నేనొక్కణ్ణే కాదన్నమాట.

అది ఆయన గొప్పగానూ చెప్పలేదు, సిగ్గుపడుతూనూ చెప్పలేదు. లెక్క అప్పజెప్పినట్టు చెప్పాడు. ఆమె ఏదో అనబోయి ఆగింది. ఆ సందులోనే నేను దూరాను.

నేనన్నది గాడిచర్ల హరిసర్వోత్తమరావు సంగతి. ఆయనది కర్నూలు. ఈ మార్కాపురం, ఈ గిద్దలూరు అప్పుడు కర్నూలు జిల్లావే. ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో, ఈమధ్య మార్కాపురమే ఒక జిల్లా అయింది, అది వేరే కథ. హరిసర్వోత్తమరావు ఎమ్మే చదివిన కుర్రవాడు. వందేమాతరం గొడవలో రాజమండ్రి ట్రైనింగు కాలేజీలోంచి గెంటేస్తే, బెజవాడలో ‘స్వరాజ్య’ పత్రిక పెట్టాడు. 1908లో తిరునల్వేలి కాల్పుల మీద రాసిన ఒక్క వ్యాసానికి మూడేళ్ళు జైలు. అప్పుడాయనకి పాతికేళ్ళు. ఆయనకి కేసు ఉంది, విచారణ ఉంది, తీర్పు కాగితం ఉంది. అమ్మాయి అడిగేవన్నీ ఉన్నాయి. అయినా మూడేళ్ళూ మూడేళ్ళే అన్నాను.

మామ: విన్నావా? కాగితం ఉన్నా లోపలేస్తారు.

కోడలు: సార్, ఆ కాగితం ఉండబట్టే వందేళ్ళు దాటాక కూడా మీరు ఏడాదితో సహా చెప్పగలిగారు. మామ టీ ఇప్పించినవాళ్ళ పేరు ఒక్కటి చెప్పండి.

నేను చెప్పగలను. రెండు పేర్లు చెప్పగలను. చెప్పలేదు.

మామ: పలక మీద రాసి తుడిచినట్టు పోయిందంటావు, అంతేగా?

కోడలు: మార్కాపురంలో పుట్టినదాన్ని, పలక పోలిక నేను తేను మామా. అది స్కూల్లో ప్రతి వక్తృత్వ పోటీలో అరిగిపోయింది. నేను మన గ్రూపు సంగతి అడుగుతా. ఊరి వాట్సాప్ గ్రూపుకి నువ్వు అడ్మిన్‌వి గదా. తమ్ముణ్ణి ఎందుకు తీసేశావు?

మామ: ఇప్పుడదెందుకు?

కోడలు: వాడేం బూతులు రాయలేదు, పుకార్లు రాయలేదు. మన వీధికి ట్యాంకరు పద్దెనిమిది రోజుల నుంచి ఎందుకు రాలేదని అడిగాడు. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ళొస్తాయని 1996లో శంకుస్థాపన రాయేసిన దగ్గర్నుంచి చెప్తున్నారు, అందాకా ట్యాంకరన్నా పంపండని రాశాడు. తెల్లారేసరికి వాడు గ్రూపులో లేడు.

మామ: గ్రూపులో సర్పంచి ఉన్నాడు, రెండు పార్టీలోళ్ళున్నారు. వాడి కింద నలభై మెసేజిలొచ్చాయి. రాత్రికి గుడి దగ్గర కొట్టుకునేటట్టున్నారు. తీసేస్తే సద్దుమణిగింది. మీ అమ్మకి చెప్పా.

కోడలు: వాడికి చెప్పావా?

మామ: వాడే అర్థం చేసుకుంటాడనుకున్నా.

కోడలు: రైటరుగా చేశావు. ఒక్క లైను రాసి పెట్టొచ్చుగా గ్రూపులో. తీసేసిన వాళ్ళెవరు, ఎప్పుడు, ఎందుకు, మళ్ళీ ఎప్పుడు చేరుస్తావు. సర్పంచి చదువుకుంటాడు, రెండు పార్టీలోళ్ళూ చదువుకుంటారు.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. ఫోను తీసి దూరంగా పట్టుకుని, చూపుడు వేలితో ఒక్కొక్క అక్షరమే కొట్టడం మొదలుపెట్టాడు. పైకి చదువుతూ కొట్టాడు. ‘తేదీ ఫలానా నాడు రాత్రి సుమారు 11-30 గంటల సమయంలో, పై గ్రూపు అడ్మిన్ అయిన నేను...’ అచ్చం పంచనామా భాష. ఆ పిల్లకి నవ్వాగలేదు, నాకూ ఆగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు.

కోడలు: తేదీ వేశావా?

మామ: వేశా.

కోడలు: కారణం?

గజ్జెలకొండ వైపు నుంచి బండి కూత వినపడింది. జనం సంచులు ఎత్తుకుంటున్నారు. ఆయన ‘కారణం’ అని కొట్టి, రెండు చుక్కలు పెట్టి, వేలు గాల్లోనే ఉంచి ఆగిపోయాడు. బండి వచ్చి నిలబడ్డాక ఆ పిల్లే ఆయన చెయ్యి పట్టుకుని పెట్టె ఎక్కించింది. నేను వెనక పెట్టెలో కంభం దాకా పోయాను.